లెక్కలు సొంతంగా నేర్చుకునేవాళ్లు ముందు ఏది పట్టాలి: ఆల్జీబ్రానా, కాలిక్యులస్సా?

పర్లాకిమిడి_పాఠకుడు:
మాది గజపతి జిల్లా. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా. పదో తరగతి తర్వాత ఐటీఐ చేసి పనిలో చేరాను. పరీక్ష కోసం కాదు గానీ, డిగ్రీ స్థాయి దాకా లెక్కలు నేర్చుకోవాలని గట్టిగా ఉంది. ఒకాయన ఎనిమిదో తరగతి నుంచి అన్నీ తిరగెయ్యమన్నారు. ఇంకొకాయన నేరుగా కాలిక్యులస్ మొదలుపెట్టి, ఆగిన చోట వెనక్కి వెళ్లమన్నారు. ఏది నయం?

రాయగడ_రైల్వే:
కాలిక్యులస్సే పట్టు తమ్ముడూ. ఎనిమిది నుంచి మొదలుపెడితే అసలు సంగతి రాకముందే విసుగొచ్చి వదిలేస్తావు. చరిత్ర కూడా అలాగే నడిచింది. న్యూటన్, లైబ్నిజ్ 17వ శతాబ్దంలోనే కాలిక్యులస్‌తో పని జరిపించారు. దానికి గట్టి పునాది 19వ శతాబ్దంలో కోషీ, వయర్‌స్ట్రాస్ వచ్చాక గానీ పడలేదు.

బరంపురం_మాస్టారు:
రైల్వే గారూ, చరిత్ర సరిగ్గానే చెప్పారు. కానీ న్యూటన్‌కి లేనిది అవధికి (లిమిట్‌కి) కచ్చితమైన నిర్వచనం, ఆల్జీబ్రా కాదు. ద్విపద శ్రేణిని భిన్న ఘాతాలకి కూడా విస్తరించినవాడు ఆయన.

ఎక్స్ వర్గానికి డెరివేటివ్, అంటే అది మారే రేటు, మూలసూత్రం నుంచి కట్టి చూడండి. ఎక్స్ ప్లస్ హెచ్‌ని వర్గం చేసి, అందులోంచి ఎక్స్ వర్గం తీసేసి, హెచ్‌తో భాగించాలి. రెండు ఎక్స్ ప్లస్ హెచ్ మిగులుతుంది. హెచ్ సున్నాకి చేరువైతే రెండు ఎక్స్. ఇందులో కాలిక్యులస్ ఆ చివరి అడుగొక్కటే, ముందున్నదంతా హైస్కూలు ఆల్జీబ్రా. అక్కడ తడబడ్డ పిల్లవాడు తనకి కాలిక్యులస్ అర్థం కాలేదనుకుని అదే పాఠం మళ్లీ మళ్లీ చదువుతాడు. ‘ఆగిన చోట వెనక్కి వెళ్లు’ అనడం తేలికే. ఎక్కడికి వెళ్లాలో చూపించే మనిషి పక్కన లేకపోవడమే కదా సొంతంగా చదవడమంటే!

అలాగని ఎనిమిదో తరగతి అట్ట నుంచి అట్ట దాకా చదవక్కర్లేదు బాబూ. భిన్నాలు, కారణాంకాలు, వర్గ సమీకరణాలు, ఘాతాంకాలు, సంవర్గమానాలు: ఒక్కోదాని చివర ఉన్న అభ్యాసం ముందు చెయ్యి. జవాబు చూడకుండా వస్తే ఆ అధ్యాయం దాటెయ్. తర్వాత త్రికోణమితి, గ్రాఫులు, ఆపైన కాలిక్యులస్. డిగ్రీ దాకా వెళ్లాలంటున్నావు కాబట్టి నిరూపణలు రాయడం ఇప్పుడే అలవాటు చేసుకో. రెండు వర్గమూలం అకరణీయం కాదని (పూర్ణాంకాల భిన్నంగా రాయలేమని), ప్రధాన సంఖ్యలకి అంతు లేదని నిరూపించడానికి కాలిక్యులస్ అక్కర్లేదు.

సిరోంచ_టీచరమ్మ:
మా గడ్చిరోలి వైపు కూడా ఇదే తీరు, ఇంట్లో తెలుగు, బడిలో మరాఠీ. మాస్టారూ, మీరు అన్నీ ఒకే వరసలో కట్టేశారు. మాత్రికలు కాలిక్యులస్ కోసం ఆగక్కర్లేదు, ప్రస్తారాలు, సంయోగాలు కూడా అంతే. ఒకచోట ఆగిపోయిన వారం ఇంకోటి నడిపించుకోవచ్చు.

ఇంకో మాట. ఎన్‌సీఈఆర్‌టీ 11వ తరగతి పుస్తకంలోంచి గణితానుగమనం (ఇండక్షన్) తీసేశారు. కొత్త ముద్రణ మాత్రమే దగ్గర పెట్టుకుంటే ఆ నిరూపణ పద్ధతి నీ కంటే పడదు తమ్ముడూ. పాత తెలుగు అకాడమీ ఇంటర్ మొదటి ఏడాది లెక్కల పుస్తకం 1ఎ దొరికితే తెచ్చుకో. ప్రమేయాల తర్వాత అదే పాఠం.

రాయగడ_రైల్వే:
కారణాంకాల సంగతి సరే మాస్టారూ. త్రికోణమితి అంతా అయ్యేదాకా కాలిక్యులస్ ముట్టొద్దంటే మాత్రం ఒప్పుకోను. బహుపదుల డెరివేటివ్‌లకి, ఇంటిగ్రల్స్‌కి సైన్, కొసైన్ ఎందుకు? వేగం నుంచి దూరం రాబట్టడం ఒక్కసారి చూస్తే, మిగతాది చదవాలన్న ఆకలి దానంతటదే పుడుతుంది.

బరంపురం_మాస్టారు:
బహుపదుల వరకు సరే, ముందే చూపించవచ్చు. సైన్ డెరివేటివ్ దగ్గర మాత్రం ఆగాల్సిందే. సైన్ ఎక్స్ బై ఎక్స్ అవధి ఒకటి అయ్యేది కోణాన్ని రేడియన్లలో కొలిచినప్పుడే. డిగ్రీల్లో పెడితే పై బై 180 వస్తుంది. రేడియన్ ఎందుకు పుట్టిందో తెలియకుండా ఆ సూత్రం బట్టీ పట్టిస్తే నేను ఊరుకోను.

పర్లాకిమిడి_పాఠకుడు:
అయితే ఈ వారం కారణాంకాల అభ్యాసంతో మొదలుపెడతాను. మేడం, ఆ 1ఎ పాత ప్రతి పాతపట్నంలో గానీ శ్రీకాకుళంలో గానీ దొరుకుతుందా?