‘చక్రము కన్న వడి’: ఇక్కడ ‘కన్న’కు అర్థమేమిటి?

గాజువాక నుండి:
పెల్టన్ చక్రం (అంచున ఉన్న బకెట్లను నీటి ధార కొట్టగా తిరిగే టర్బైన్) పాఠంలో మా మాస్టారు చెప్పిన వాక్యంలో తొలి సగం మరచిపోయాను. ‘ధార వడి గాదు, చక్రము కన్న వడియే పని సేయు’ అన్న తునక మిగిలింది. ‘కన్న’ అంటే ‘చూచిన’ అనా, ‘కంటె’ అనా?

మద్దిలపాలెం నుండి:
‘చూచిన’ అనే అర్థమే సరి. బకెట్ ధార వేగంలో సగంతో పరుగెత్తుతుంటే, దాని మీదికి నీరు మిగిలిన సగం వేగంతోనే వస్తుంది. ఆ సగమే లోపలి వంపున సుమారు 165 డిగ్రీలు మళ్లి వెనక్కు పోతుంది కనుక, నేల మీద నిలబడి చూసేవారికి నీరు సత్తువంతా చక్రానికిచ్చి జారిపడినట్లు కనబడుతుంది.

ఎం.వి.పి. కాలనీ నుండి:
అయ్యా, అది ఉట్టి తీసివేతే గదా! ధార వడిలో చక్రపు వడి పోగా మిగిలినది, అంటే చక్రం కంటె ఎంత ఎక్కువ అన్నదే సాపేక్ష వేగం. ‘నాకన్న పెద్ద’ అన్నప్పటి ‘కన్న’యే ఇదీ.

మద్దిలపాలెం నుండి:
అలాగైతే ‘పెద్ద’ వంటి మాట తరువాత ఉండాలి, ఇక్కడ లేదు. పైగా రెండు వేగాలూ ఒకే దిశలో ఉన్నప్పుడే మీ తీసివేత చెల్లుతుంది. నీరు చుట్టూ అంచు నుండి లోపలికి వచ్చి రెక్కలను తిప్పే ఫ్రాన్సిస్ టర్బైన్‌లో నీరు సెకనుకు 50 మీటర్ల వేగంతో ఏటవాలుగా వస్తున్నదనుకోండి: చక్రపు అంచు వెంబడి 40, కేంద్రం వైపు 30. అంచు వేగం కూడా 40 అయితే మీ లెక్కకు 10 వస్తుంది; రెక్క చూచేది మాత్రం నేరుగా కేంద్రం వైపు వచ్చే 30. రెక్క మొనను ఆ దిశకే మలచాలి, లేకుంటే నీరు దానికి కొట్టుకొని శక్తి వృథా అవుతుంది.

బీచ్ రోడ్ నుండి:
‘ప్రసవించిన’ అనే మూడవ అర్థాన్ని ఎవరూ తలవలేదే! జెట్ ఇంజిన్‌లోకి సెకనుకు 250 మీటర్ల వేగంతో వచ్చిన గాలి 600తో వెలువడితే, రెండూ విమానం నుండి కొలిచినవే కనుక, ఇంజిన్ కన్న వడి 350. సెకనుకు 100 కిలోల గాలికి, ఇంధనపు బరువును వదిలేస్తే, తోపుడు బలం 35,000 న్యూటన్లు. ఇక్కడ ప్రదర్శనకు నిలిపిన టి.యు.-142 విమానాన్ని చూడండి: ఒక్కొక్క ఇంజిన్‌కు ఎదురెదురు దిశల్లో తిరిగే రెండు ప్రొపెల్లర్లు ఉన్నాయి, ముందుది కన్న సుడిని వెనుకది సరిచేస్తుంది. ఒకే పద్యంలో రామకథనూ భారతకథనూ నడిపిన పింగళి సూరన భాషలో ఒక మాటకు మూడర్థాలు బరువా?

ఎం.వి.పి. కాలనీ నుండి:
సూరన శ్లేషలో ప్రతి అర్థానికీ అన్వయం కుదురుతుంది. ఇక్కడ ధార వడిని కన్నది చక్రం కాదు, ధారను చిమ్మే గొట్టపు మూతి, అంటే నాజిల్. మద్దిలపాలెం వారి 50-40-30 వేగాల త్రిభుజానికి తిరుగులేదు, కాని మాస్టారి వాక్యం పెల్టన్ చక్రాన్ని గురించినది; అక్కడ నా తీసివేత తప్పదు. మరచిన తొలి సగంలో ‘మిన్న’ లేదని తేలేవరకు ‘కంటె’ను నేను విడువను.