క్యాంపస్‌లో క్యాథలిక్ విద్యార్థులకు వేరే బృందం కావాలా? పూజ ఏ భాషలో?

హాస్టల్_బ్లాక్_సి:
అందరికీ నమస్కారం. మాది హైదరాబాద్‌లో ఒక ప్రభుత్వ విశ్వవిద్యాలయం. హాస్టళ్లలో క్యాథలిక్ పిల్లలం బాగానే ఉన్నాం కానీ ఒకరికొకరం తెలియదు. అన్ని సంఘాల వాళ్లూ కలిసి నడిపే ప్రేయర్ సెల్‌కి కొందరం వెళ్తాం. అక్కడ వాక్యం బాగా చెప్తారు. కానీ జపమాల, దివ్యపూజ (మాస్), పాపసంకీర్తనం (గురువు దగ్గర పాపాలు ఒప్పుకోవడం) అక్కడ దొరకవు కదా. అందుకని దగ్గరి విచారణ (పారిష్) ఫాదర్‌గారిని అడిగి విద్యార్థుల కోసం నెలకోసారి ఇంగ్లీషు పూజ పెట్టించుకుందాం. అందరి పేర్లు, ఫోన్ నంబర్లు, సొంతూరి విచారణ రాసి జాబితా ఇద్దాం. ఫొటోలతో ఒక పేజీ కూడా నడుపుదాం. మన సంఘ చట్టం, కానన్ చట్టం 813 ప్రకారం విద్యార్థుల సంరక్షణ పీఠాధిపతి (బిషప్) బాధ్యత, క్యాథలిక్‌వి కాని విశ్వవిద్యాలయాల్లో కూడా. మనకు రావాల్సిందే అడుగుతున్నాం.

పాతబ్యాచ్_ఓయూ:
తమ్ముడూ, కొత్తగా కనిపెట్టాల్సిన పని లేదు. ఐకఫ్ ఉంది, అఖిల భారత క్యాథలిక్ విశ్వవిద్యాలయ విద్యార్థుల సమాఖ్య. ఫాదర్ పియరీ కార్టీ అనే ఫ్రెంచి జెస్విట్ గురువు 1924లో మద్రాసులో మొదలుపెట్టిండు, వందేళ్లు దాటింది. మొదట్లో అది కూడా భక్తి, చదువు అనే పద్ధతిలోనే నడిచింది. 1970లో పూనమల్లిల ఐకఫ్ చేసిన ప్రకటనతోని దారి మారింది: మనం అన్యాయపు సమాజంలో బతుకుతున్నం, క్రైస్తవ విద్యార్థి బీదల పక్కన నిలబడాలె అని. పూజకు విచారణ ఉంది, రోడ్డు దాటితే గుడి. విద్యార్థి బృందం మెస్ కార్మికుల జీతాల గురించి, హాస్టల్‌లో ఒంటరైన పిల్లగాడి గురించి మాట్లాడాలె. నెలకో పూజ, ఒక ఫొటో, ఇంటికి పోవుడు. దీన్ని బృందం అనరు.

బయోటెక్_రెండో_ఏడు:
ఆదివారం కూడా ల్యాబ్ ఉంటుంది మాకు. శనివారం సాయంత్రం పూజ పెడితే చెల్లుతుందా?

సికింద్రాబాద్_పాత_విచారణ:
ఆదివారం అంటే ఆదివారమే. ల్యాబ్ కోసం దేవుడి రోజు మార్చుకుంటే రేపు సినిమా కోసం కూడా మారుస్తారు. మా ఇంట్లో అమ్మమ్మ ఎనభై దాటినా ఆదివారం పూజ మానలేదు.

హాస్టల్_బ్లాక్_సి:
అంకుల్, చెల్లుతుంది. కానన్ 1248 చూడండి. ఆదివారంనాడు గానీ ముందురోజు సాయంత్రం గానీ పూజలో పాల్గొంటే సరిపోతుంది.

సికింద్రాబాద్_పాత_విచారణ:
చట్టం ఒప్పుకుంటుంది, నేను కాదనలేదు. అలవాటు పోతుంది అంటున్నాను. దానికి జవాబు చెప్పు.

సహవాసం_సోదరి:
నేను ప్రేయర్ సెల్ నుంచే. మాది సీఎస్ఐ, ప్రొటెస్టెంట్ సంఘం. ఒక మాట అడుగుతాను, బాధపడకండి. క్యాంపస్‌లో ఉన్న క్రైస్తవులమే కొద్దిమందిమి. అందులో మళ్లీ ఆర్‌సీఎం (క్యాథలిక్) వేరు, మేము వేరు అని గోడ కట్టుకోవడం అవసరమా? మీ పిల్లలు వస్తే మేము ఎప్పుడైనా కాదన్నామా?

హాస్టల్_బ్లాక్_సి:
కాదనలేదక్కా. కానీ మరియమాత పేరు ఎత్తగానే నేను చెప్తున్న సాక్ష్యం ఆపేసి "వాక్యంలో లేదు" అన్నవాళ్లు ఉన్నారు. ఆ రోజు తలదించుకుని కూర్చున్నాను. నా ప్రార్థనకు సంజాయిషీ ఇచ్చుకోకుండా మోకరించే చోటు ఒకటి కావాలి నాకు.

లా_కాలేజ్_ఉప్పల్:
ఒక్క విషయం. రాజ్యాంగం 28వ అధికరణ ప్రకారం పూర్తిగా ప్రభుత్వ నిధులతో నడిచే విద్యాసంస్థలో మతబోధన ఉండకూడదు. క్యాంపస్ హాల్లో పూజ అడగొద్దు.

పాతబ్యాచ్_ఓయూ:
అది సంస్థ చేసే బోధన గురించి. పిల్లలు సొంతంగా ప్రార్థన చేసుకుంటే బోధన ఎట్లయితది?

లా_కాలేజ్_ఉప్పల్:
హాలు సంస్థదే కదా అన్నా.

ఖమ్మం_ఉపదేశి_బిడ్డ:
హాలు, శనివారం, ఆదివారం. ఇంతసేపూ ఇవే. పూజ ఇంగ్లీషులో అని మొదటి పోస్టులోనే ఉంటే ఒక్కరూ అడగలేదు. మా ఊరికి ఫాదర్‌గారు నెలకోసారి వస్తారు. మా నాన్న ఉపదేశి, మిగతా ఆదివారాలు ఆయనే ప్రార్థన నడిపిస్తాడు. వందల పాటలు నాకు నోటికి వచ్చు. నగరానికి వచ్చాక ఒక విచారణలో ఇంగ్లీషు పూజకు వెళ్లి బైబిల్ పఠనం చదివాను. ఉచ్చారణ తప్పిందని మరుసటి వారం నా పేరు తీసేశారు. ఎవరూ తిట్టలేదు, పక్కన మాత్రం పెట్టారు. పీఠాధిపతులందరూ కూర్చున్న రెండో వాటికన్ సభ 1963లోనే పూజలో ప్రజల భాషకు తలుపు తీసింది. హైదరాబాద్‌లో తెలుగు పిల్లల కోసం ఆ తలుపు మళ్లీ ఎందుకు మూస్తున్నారు?

హాస్టల్_బ్లాక్_సి:
కేరళ, గోవా, మణిపూర్ వాళ్లు కూడా ఉన్నారు. అందరికీ తెలిసిన భాష ఇంగ్లీషే. విశ్వవిద్యాలయంలో చదువుతున్నాం, ఆ మాత్రం ఇంగ్లీషు నేర్చుకోవాలి కదా.

ఖమ్మం_ఉపదేశి_బిడ్డ:
పరీక్షకు నేర్చుకుంటాను. దేవుడి దగ్గరికి కూడా నేర్చుకునే రావాలా?

పాతబ్యాచ్_ఓయూ:
తమ్ముడూ, ఆ మాట నువ్వు అనకుండా ఉండాల్సింది.

హాస్టల్_బ్లాక్_సి:
అన్నా, పని చేసేవాడి మీదే అందరూ పడతారు. జాబితా రాయమంటే నలుగురు కూడా పేరివ్వలేదు. విశ్వాసం దాచుకునే వాళ్లతో సంఘం ఎలా కట్టాలి?

ఖమ్మం_ఉపదేశి_బిడ్డ:
ఇప్పుడు వచ్చింది అసలు మాట. చెప్తాను, పూర్తిగా చదవండి.

1950 రాష్ట్రపతి ఉత్తర్వులో ఎస్సీ హోదా హిందువులకే ఇచ్చారు. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చారు. మమ్మల్ని చేర్చలేదు. ఎస్సీల నుంచి క్రైస్తవం తీసుకున్నవాళ్లకు ఇక్కడ బీసీ-సీ, ఒక శాతం రిజర్వేషన్. నాది బీసీ-సీ సర్టిఫికెట్. నాన్న ఉపదేశి కాబట్టి మా ఇంట్లో వేరే ఆలోచనే రాలేదు, దాని వల్ల పోయిన సీటు కూడా నాకు తెలుసు. మా మేనమామ పిల్లలకు ఎస్సీ సర్టిఫికెట్. ఒకే వాడ, ఒకే బావి, అదే అవమానం. ఊళ్లో ఎవరైనా మమ్మల్ని వేరుగా చూశారా? కాగితం వేరు చేసింది. అలా ఎస్సీ సర్టిఫికెట్ మీద చదువుతూ గుడికొచ్చే, క్రైస్తవురాలని తేలితే అది పోతుందని భయపడే పిల్లను పేరు, ఫోన్ నంబరు, విచారణ రాసిమ్మని, ఫొటోలో నిలబడమని అడుగుతున్నారు. ఆ పేజీ ఎవరు చూస్తారో, దాంతో ఏం చేస్తారో మీకు తెలుసా? పేరివ్వకపోతే విశ్వాసం లేదని తీర్పు కూడా మీరే ఇచ్చేశారు.

మన హైదరాబాద్ అగ్రపీఠాధిపతి (ఆర్చ్‌బిషప్) పూల అంతోని గారు 2022లో కార్డినల్ అయ్యారు. దళితుల్లోంచి వచ్చిన మొదటి కార్డినల్ అని మా ఊళ్లో స్వీట్లు పంచారు. ఆ గౌరవం విద్యార్థుల బెంచీ దాకా ఎందుకు రాదు?

బయోటెక్_రెండో_ఏడు:
అక్కా, నేనూ అందుకే పేరివ్వలేదు.

సహవాసం_సోదరి:
మా సెల్‌లో కూడా ఇదే భయం ఉంది. మేమూ ఎప్పుడూ మాట్లాడుకోలేదు.

సికింద్రాబాద్_పాత_విచారణ:
భయం అర్థమైంది. కానీ ఎవరు క్యాథలిక్కో తెలియకుండా ఫాదర్ ఎవరికి సత్ప్రసాదం (కమ్యూనియన్) ఇవ్వాలి?

పాతబ్యాచ్_ఓయూ:
సార్, మీ గుడిల ఆదివారం పేర్లు పిలిచి సత్ప్రసాదం ఇస్తున్నరా? ఎంతమంది ఉన్నరో చెప్తే ఫాదర్‌కు చాలు. నేను మొదట చెప్పిన అన్యాయం గిదే. మెస్ దాకా పోనక్కర్లేదు, మన వరుసలనే ఉంది.

హాస్టల్_బ్లాక్_సి:
జాబితా, పేజీ వద్దు, సరే. కానీ ఇంగ్లీషు పూజ మాత్రం వదలను. మా బ్లాక్‌లో మణిపూర్ అబ్బాయి ఉన్నాడు, ఇంటికి దూరంగా ఏడుస్తూ పండుకుంటాడు. తెలుగు పూజలో అతను మూగవాడే.

ఖమ్మం_ఉపదేశి_బిడ్డ:
అతన్ని వదలమని నేను అనను. మొదటి పఠనం, పాటలు తెలుగులో పెట్టండి. రెండో పఠనం, ప్రసంగం ఇంగ్లీషులో ఉండనివ్వండి. విశ్వాసుల ప్రార్థన ఎవరి భాషలో వాళ్లు చెప్పుకుంటారు, అతను తన భాషలో చెప్పనీ. పఠనం ఎవరు చదవాలో ఉచ్చారణ చూసి నిర్ణయించొద్దు. దీనికి ఒప్పుకుంటే మా హాస్టల్ అమ్మాయిలను నేను తీసుకొస్తాను.

హాస్టల్_బ్లాక్_సి:
పాటలన్నీ తెలుగేనా? ఒకటి రెండు ఇంగ్లీషువి ఉండొద్దా?

ఖమ్మం_ఉపదేశి_బిడ్డ:
ఒకటి. సత్ప్రసాదం తర్వాత.

హాస్టల్_బ్లాక్_సి:
ఈ వారంలో ఫాదర్‌గారిని కలుస్తాను. శనివారం సాయంత్రమే అడుగుతాను, ల్యాబ్ వాళ్లు రావాలి.

ఖమ్మం_ఉపదేశి_బిడ్డ:
అడిగి ఇక్కడే రాయండి. అప్పటిదాకా ఎవరి పేర్లూ ఎవరికీ ఇవ్వొద్దు, ఇచ్చిన ఆ నలుగురివి కూడా.