డిక్షనరీయే ఒప్పుకున్నాక ఇక తప్పని ఎలా చెప్పాలి?

ప్రశ్న:
పదిహేనేళ్లుగా ఇంగ్లీష్ పాఠాలు చెబుతున్నాను. మొన్న ఒకమ్మాయి వ్యాసంలో 'ఐ లిటరల్లీ డైడ్ ఆఫ్ షేమ్' అని రాసింది. ఎర్ర పెన్నుతో లిటరల్లీని కొట్టేసి, ఈ మాటకి అర్థం 'అక్షరాలా' అని, నిజంగా జరిగినదానికే వాడాలని పక్కన రాశాను. మర్నాడు ఆక్స్‌ఫర్డ్ డిక్షనరీ తెరిచి చూపించింది, ఊరికే నొక్కి చెప్పడానికి కూడా వాడతారని అందులో ఉంది. నాకు నోట మాట రాలేదు. కోపం ఆ పిల్ల మీద కాదు, డిక్షనరీ మీద. అందరూ చేస్తే తప్పు ఒప్పైపోతుందా? మరి మేం నేర్పేదేమిటి?

జవాబు 1:
డిక్షనరీ అనుమతులిచ్చే ఆఫీసు కాదండి, జనం ఎలా వాడుతున్నారో చూసి రాసిపెడుతుంది, అంతే. ఆ అర్థాన్ని ఆక్స్‌ఫర్డ్ వాళ్లు 2011లో చేర్చారు, 2013లో పత్రికల కంటపడి పెద్ద గొడవైంది, కానీ వాళ్లిచ్చిన పాత ఉదాహరణ 1769 నాటిది! 1961లో వెబ్‌స్టర్స్ థర్డ్ అనే అమెరికన్ డిక్షనరీ వచ్చినప్పుడూ ఇంతే, 'ఎయింట్' ('కాదు', 'లేదు' అనడానికి వాడే మోటు మాట) అనే మాటని గట్టిగా ఖండించలేదని పత్రికలు దుమ్మెత్తిపోశాయి.

జవాబు 2:
పాతదైనంత మాత్రాన మంచిదైపోదు కదా. నన్ను బాధపెట్టేది 'డిసింట్రెస్టెడ్'. జడ్జి అలా ఉండాలి అంటే, ఎటువైపూ స్వార్థం లేకుండా ఉండాలని అర్థం. ఇప్పుడు చాలామంది 'ఆసక్తి లేదు' అనడానికి వాడేస్తున్నారు, దానికి 'అనింట్రెస్టెడ్' ఉండనే ఉంది. రెండు మాటలు చేసే పనిని ఒకటిగా కలిపేస్తే ఒక అర్థం పోయినట్టే. దీన్ని మార్పు అని సరిపెట్టుకోలేను.

జవాబు 3:
ఆ తేడా నాకూ ఇష్టమే, కానీ 17వ శతాబ్దంలోనే డిసింట్రెస్టెడ్‌ని 'ఆసక్తి లేని' అనే అర్థంలో వాడారు. అసలు 'యూ' సంగతే చూడండి. ఒకప్పుడు 'దౌ' అంటే మన నువ్వు, 'యూ' అంటే మీరు. మర్యాద కోసం ఒక్కరిని కూడా యూ అనడం మొదలైతే, ఒక్క మనిషిని బహువచనంలో పిలవడం అబద్ధమని క్వేకర్లనే క్రైస్తవ శాఖవాళ్లు పట్టుబట్టి పెద్దవాళ్లని కూడా దౌ అన్నారు, అందుకు దెబ్బలు కూడా తిన్నారు. అంత పట్టుబట్టినా దౌ నిలవలేదు. 'ది హౌస్ ఈజ్ బీయింగ్ బిల్ట్' అన్న వాక్యాన్ని కూడా 19వ శతాబ్దంలో వికారంగా ఉందని తిట్టిపోశారు, 'ది హౌస్ ఈజ్ బిల్డింగ్' అనాలట. ఈరోజు మీ క్లాసులో ఎవరైనా అలా రాస్తే ఎర్ర పెన్ను తీస్తారు కదా! 'గలివర్స్ ట్రావెల్స్' రాసిన జొనాథన్ స్విఫ్ట్ 1712లో ఇంగ్లీష్‌ని ఒకచోట నిలిపేయాలని, అందుకో సంఘం పెట్టాలని కోరాడు. ఆయనకి కిట్టని మాటల్లో 'మాబ్' (అల్లరిమూక) ఒకటి, అది ఇప్పటికీ రోజూ వార్తల్లో కనిపిస్తుంది.

జవాబు 1:
అయినా పరీక్ష పేపర్లు దిద్దేవాళ్లకి ఈ చరిత్రంతా అక్కర్లేదు, అది మాత్రం పిల్లలకి ముందే చెప్పండి. ఎక్కడ ఏది చెల్లుతుందో తెలియడం కూడా చదువే.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థ్యాంక్స్. ఆ వ్యాసం ఇంకా నా దగ్గరే ఉంది. నేను కొట్టేసిన చోట 1769 అని రాసి తిరిగిస్తాను. లిటరల్లీ ఉంచి ఒకసారి, తీసేసి ఒకసారి పైకి చదవమంటాను. ఏది గట్టిగా తగులుతుందో ఆ అమ్మాయే చెప్పాలి.