'ఇంట గెలిచి రచ్చ గెలవాలి': అమెరికా ప్రైమరీలకి ఈ సామెత అతుకుతుందా?

టీవీలో ఒకే పార్టీ అభ్యర్థుల డిబేట్ వస్తోంది. మా అమ్మ చిక్కుడుకాయలకు ఈనెలు తీస్తూ చూస్తోంది. "వీళ్ళంతా ఒకే పార్టీ అన్నావుగా, మరి ఇలా కరుచుకుంటున్నారేంట్రా?" అంది. ప్రైమరీ అంటే పార్టీ తన అభ్యర్థిని ఎంచుకునే లోపలి ఎన్నిక, దాన్ని ఒక్కముక్కలో చెబుదామని "ఇంట గెలిచి రచ్చ గెలవాలంటారు కదమ్మా, ఇది ఇంట గెలవడం" అన్నాను. "ఇల్లెక్కడిది? ఇల్లే రచ్చకెక్కిందిగా" అంది, చేతిలో కాయ దించకుండానే.

రెండు రోజులుగా ఆ మాటే బుర్రలో తిరుగుతోంది. రచ్చ అనేది సంస్కృతం 'రథ్య'కి వికృతి. రథం నడిచే వీధి అన్నది మొదటి అర్థం. వీధి కాస్తా నలుగురూ చేరే చోటు అయింది. రచ్చబండ, రచ్చకీడ్చడం, రచ్చకెక్కడం అన్నీ అక్కడివే. ఇప్పటి పిల్లలకి రచ్చ అంటే గోల. సామెతలో మాత్రం గోల లేదు, ఉన్నది చోటు. ఇంటికీ వీధికీ మధ్య ఒక గోడ ఉందన్న నమ్మకం మీదే ఆ సామెత నిలబడింది. ప్రైమరీలో ఆ గోడే లేదు. లోపల అన్న ప్రతి మాటా వీధిలో నిలబడ్డ ప్రత్యర్థి చెవిన పడుతుంది.

1988 ఏప్రిల్‌లో డెమోక్రాట్ల న్యూయార్క్ ప్రైమరీకి ముందు జరిగిన డిబేట్ చూడండి. మసాచుసెట్స్‌లో ఖైదీలకిచ్చే వారాంతపు సెలవుల గురించి గవర్నర్ డుకాకిస్‌ని నిలదీసింది రిపబ్లికన్లు కాదు, సొంత పార్టీలోనే పోటీపడుతున్న అల్ గోర్. గోర్ అక్కడ ఓడి తప్పుకున్నాడు. రిపబ్లికన్ అభ్యర్థి బుష్ మనుషులు ఆ ప్రశ్నను పట్టుకుని తవ్వారు. అలా సెలవు మీద బయటికెళ్ళి తిరిగిరాని ఒక ఖైదీ, తర్వాత చేసిన ఘోరం, ఆ శరత్కాలమంతా టీవీ ప్రకటనలైంది. అభ్యర్థిని ఖరారు చేసే పార్టీ మహాసభ అయ్యాక గాలప్ సర్వేలో 17 పాయింట్ల ముందున్న డుకాకిస్ నవంబరులో 40 రాష్ట్రాలు పోగొట్టుకున్నాడు. ఓటమికి అదొక్కటే కారణమని నేననను. కానీ ఆ ఆయుధం ఇంట్లోంచే వెళ్ళింది.

వ్యాఖ్య: దీనికి 'ఇంటిగుట్టు లంకకు చేటు' ఇంకా బాగా కుదురుతుంది కదండీ?

జవాబు: నేనూ ముందు అదే అనుకున్నానండి. కానీ విభీషణుడు గడప దాటి వెళ్ళి చెప్పాడు. గోర్ ఎక్కడికీ వెళ్ళలేదు, గెలుద్దామని ఇంట్లోనే అడిగాడు. పైగా అది గుట్టు కూడా కాదు, మసాచుసెట్స్ పత్రికలు అప్పటికే రాశాయి.

వ్యాఖ్య: ఇంటిపోరు వల్లే ఓడారనడం తేలిక. 1980లో సొంత పార్టీ సెనేటర్ ఎడ్వర్డ్ కెనెడీ ప్రైమరీల్లో పోటీకి దిగకపోయినా అధ్యక్షుడు కార్టర్ గెలిచేవాడా? ధరలు మండిపోతున్నాయి, టెహ్రాన్‌లో బందీలు విడుదల కాలేదు. అధ్యక్షుడు బలహీనంగా ఉన్నాడు కాబట్టే సొంతవాళ్ళు ఎదురుతిరిగారు. జ్వరాన్ని చూసి రోగం అనుకోకూడదండి.

జవాబు: నిజమే, ఒప్పుకుంటాను. అయినా ఆ మహాసభ చివరి రాత్రి దృశ్యం మరిచిపోలేం. ఇద్దరూ చేతులు కలిపి పైకెత్తిన ఫొటో కోసం కార్టర్ వేదిక మీద ఎదురుచూశాడు. కెనెడీ చేయి కలిపాడు, పైకెత్తలేదు. నవంబరులో కార్టర్‌కి 49 ఎలక్టోరల్ ఓట్లు (రాష్ట్రాలవారీగా లెక్కించేవి), రిపబ్లికన్ రేగన్‌కి 489.

వ్యాఖ్య: మరి అదే 1980 రిపబ్లికన్ ప్రైమరీల్లో రేగన్ ఆర్థిక విధానాన్ని 'వూడూ' (మంత్రతంత్రం) అని వెక్కిరించింది ప్రత్యర్థి బుష్ కదా. ఆయన్నే ఉపాధ్యక్ష అభ్యర్థిగా పెట్టుకుని రేగన్ గెలిచాడు. 2008లో ఒబామా, హిల్లరీ జూన్ దాకా కొట్టుకున్నా ఒబామాకి 365 ఎలక్టోరల్ ఓట్లు వచ్చాయి.

జవాబు: మీరు చెప్పినదే అసలు విషయం. మన పేపర్లు నామినేషన్ల రోజుల్లో వాడే మాట ఒకటుంది, బుజ్జగింపు. టికెట్ రాక రెబల్‌గా నామినేషన్ వేసినవాణ్ణి ఉపసంహరణ గడువులోగా ఇంటికెళ్ళి బుజ్జగిస్తారు. అలిగిన పిల్లాడి మాట అది, రాజకీయానికి ఎంత చక్కగా అమరిందో! రేగన్ చేసింది బుజ్జగింపే. 2008 డెన్వర్ మహాసభలో హిల్లరీ తానే లేచి, లెక్కింపు ఆపి ఒబామాని ఏకగ్రీవంగా నిలబెడదామంది. దెబ్బలాట ఎంతకాలం సాగిందన్నది కాదు, అలక తీరిందా లేదా అన్నది చూడాలి. సామెతలో ఇంట గెలవడానికీ రచ్చ గెలవడానికీ మధ్య ఉండాల్సిన ఈ పని ఊసే లేదు.

వ్యాఖ్య: ప్రైమరీకి పేపర్లు 'ప్రాథమిక ఎన్నిక' అంటుంటే నాకు ప్రాథమిక పాఠశాలే గుర్తొస్తుంది. 'ఇంటిపోటీ' అంటే?

జవాబు: భలే ఉందండి! పోరుకి ఒక్క అక్షరం దూరంలో ఉంది. అమ్మకి చెబితే వెంటనే అర్థమైంది. ఇకమీదట అదే వాడతాను.

వ్యాఖ్య: మా అనంతపురం వైపు రచ్చకట్ట అంటాం, రచ్చబండ అనం.

జవాబు: మంచి మాట చెప్పారు. మరి మీ వైపు ఈ సామెతను ఇలాగే అంటారా, వేరే రూపం ఉందా?