అప్‌డేట్: బి బ్లడ్ గ్రూప్ అని ఆగిన మా చెల్లి సంబంధం

బి గ్రూప్ వాళ్ళు స్వార్థపరులని ఏదో వీడియోలో చూసి, అబ్బాయి మేనత్త మా చెల్లి సంబంధం ఆపించింది, ఏం చేయాలని హనుమకొండ నుంచి ఇక్కడ అడిగింది నేనే. ధైర్యం చెప్పిన అందరికీ థ్యాంక్స్.

మీరన్నట్టే అబ్బాయితో నేరుగా మాట్లాడాను. ఈ నమ్మకం జపాన్‌ది. 1927లో అక్కడి ప్రొఫెసర్ ఫురుకవా రాసిన వ్యాసంతో మొదలై, 1971లో నోమి అనే రచయిత పుస్తకంతో ఇంటింటికీ పాకింది. 2014లో జపాన్, అమెరికాల్లో పదివేల మందికి పైగా ఇచ్చిన జవాబులు పరిశీలిస్తే, గ్రూపుకీ గుణానికీ చెప్పుకోదగ్గ సంబంధం కనబడలేదు. ఇదంతా చెప్తే శ్రద్ధగా విన్నాడు.

అసలు చూడాల్సింది వేరే ఉంది. చెల్లిది బి నెగెటివ్, అబ్బాయిది పాజిటివ్. పెళ్ళికి ఇది అడ్డే కాదని డాక్టరమ్మ చెప్పింది. కడుపుతో ఉన్నప్పుడు ముందే డాక్టర్‌కి చెప్పాలి, మధ్యలో కూడా ఒక యాంటీ-డి ఇంజెక్షన్ (తల్లి ఒంట్లో బిడ్డ రక్తానికి వ్యతిరేకత పుట్టకుండా ఆపేది) ఇస్తారు. బిడ్డ పాజిటివ్ అయితే కాన్పయ్యాక 72 గంటల్లోపు యాంటీ-డి ఇంజెక్షన్ వేయించాలి. లేకపోతే తర్వాతి కాన్పులో బిడ్డకు ప్రమాదం రావచ్చు. నెగెటివ్ గ్రూప్ ఆడపిల్లలున్న ఇళ్ళవాళ్ళు దయచేసి ఇది గుర్తుపెట్టుకోండి.

మేనత్త ఇంకా మెత్తబడలేదు. అబ్బాయి మాత్రం ఇంట్లో గట్టిగా నిలబడ్డాడు. దసరా తర్వాత వరపూజ పెట్టుకుందామని వాళ్ళ నాన్నే ఫోన్ చేశారు.