ట్రైలోబైట్ల పేర్లు ఇలా మారుస్తూనే ఉండాలా?

రాజోలు_రాళ్లు:
పీజీ జియాలజీ చదువుతున్నాను. డెవోనియన్ కాలపు (దాదాపు 40 కోట్ల ఏళ్ల కిందటి) ట్రైలోబైట్, అంటే అంతరించిపోయిన పెంకు సముద్రజీవి, ఒకదానికి పాత పుస్తకంలో ఫాకాప్స్ రానా అని ఉంది, కొత్త దాంట్లో ఎల్డ్రెడ్జియాప్స్ రానా. ఇంకా వెనక్కి వెళ్తే 1832లో గ్రీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దాన్ని కాలిమీన్ ప్రజాతిలో (దగ్గరి జాతుల గుంపు, పేరులో మొదటి ముక్క) పెట్టాడు. 1988లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం వాళ్లు ఫాకాప్స్ రానా పేరుతో దాన్ని రాష్ట్ర శిలాజం చేసుకున్నారు, రెండేళ్లు తిరక్కుండా స్ట్రూవె అనే జర్మన్ ఆయన వేరే ప్రజాతి కట్టేశాడు. ఈ మార్పులు ఇక ఆపాలంటాను.

భీమవరం_గట్టు:
ఆపాల్సిందేనండి. మా రొయ్యని చూడండి. 1931లో పీనియస్ వనామీ, 1997లో లిటోపీనియస్ వనామీ, 2011 తర్వాత మళ్లీ పీనియస్ అంటున్నారు, అదీ అందరూ కాదు. దీనివల్ల మేత రేటు తగ్గిందా, వైట్ స్పాట్ వైరస్ జబ్బు పోయిందా?

కాకినాడ_లెక్చరర్:
వనామీ అన్న ముక్క మారలేదు కదండీ, రానా కూడా అంతే. ఫాకాప్స్ అనే పేరు జర్మనీలో దొరికిన లాటిఫ్రాన్స్ జాతికి (ఆ ప్రజాతికి అదే నమూనా) కట్టేసి ఉంటుంది, దానికి దగ్గరివి కావనుకుంటే అమెరికావాటిని అక్కడ ఉంచడం కుదరదు. పైగా ట్రైలోబైట్లు కూడా మీ రొయ్యల్లాగే పెంకు వదులుతూ పెరిగేవి. బొహీమియాలో (ఇప్పటి చెక్ దేశం) సావో హిర్సూటా అనే ట్రైలోబైట్ ఎదుగుదల దశలకు వేరువేరు పేర్లు పెట్టేస్తే, అవన్నీ ఒకే జంతువని 1852లో బరాండ్ అనే శిలాజ శాస్త్రవేత్త చూపించాడు. పేర్లు మార్చొద్దని కూర్చుంటే పిల్లా పెద్దా ఇప్పటికీ వేరువేరు జంతువులే!

రాజోలు_రాళ్లు:
సర్, సావోది తప్పు దిద్దడం, దానికెవరు అడ్డు చెప్తారు? నా గొడవంతా ఉన్న ప్రజాతిని ముక్కలు చేయడం గురించి. ఎంత తేడా ఉంటే కొత్త ప్రజాతి అన్నదానికి కొలత లేదు, చూసేవాళ్ల ఇష్టం. లిటోపీనియస్ 1969 నుంచి పీనియస్ లోపలి ఉపప్రజాతిగానే (ప్రజాతిలో చిన్న గుంపు) ఉండేది, తేడా తెలిసేది, పేరూ కదిలేది కాదు. ట్రైలోబైట్లకూ అలా చేస్తే సరిపోదా?

కాకినాడ_లెక్చరర్:
కొలత లేదన్నది నిజమే. కానీ ఉపప్రజాతిలో పెట్టాలన్నా అది వంశవృక్షంలో ఆ ప్రజాతి కొమ్మదే అయ్యుండాలి. రానాకి ఇంకో ప్రజాతి దగ్గరని తేలితే మార్చక తప్పదు. అందాకా ఉపప్రజాతే మేలంటే నేనూ మీ పక్షమే.

భీమవరం_గట్టు:
అయితే పాత పేపర్లు ఎలా వెతకాలండి?

కాకినాడ_లెక్చరర్:
జాతి పేరు, పెట్టినవాళ్ల పేరు, ఏడాది కలిపి వెతకండి. బ్రాకెట్లో గ్రీన్, 1832 అని ఉంటే ప్రజాతి మారిందని అర్థం. మీ రొయ్య మళ్లీ పీనియస్‌లోకే వచ్చింది కాబట్టి బూన్, 1931కి బ్రాకెట్ అక్కర్లేదు.