‘ఎక్కినఁ బాఱని గుర్రము’: తప్పు గుర్రానిదా, రౌతుదా?

ప్రశ్న (అమలాపురం): సుమతి పద్యంలో ‘మోహరమునఁ దా నెక్కినఁ బాఱని గుర్రము’ దగ్గర పిల్లలు ఆగిపోతున్నారండి. పారేది కాలవలో నీళ్ళు కదా, గుర్రమేంటి అని. ‘ఎక్కిన గుర్రం’ అని చెప్పాలా, ‘ఎక్కితే’ అని చెప్పాలా?

తణుకు: పాత తెలుగులో పాఱు అంటే పరుగెత్తడం కూడా. ‘దొంగ పారిపోయాడు’లో ఇంకా బతికే ఉంది. అసలు చూడాల్సింది ‘బాఱని’లో ఉన్న ఆ ‘బ’ని. ‘ఎక్కిన’ వట్టి విశేషణమైతే తర్వాతి ‘ప’ అలాగే ఉండేది. ఇక్కడున్నది ‘ఎక్కినన్’, చేదర్థకం, అంటే ‘ఎక్కితే’ అనే అర్థమిచ్చే రూపం. చివర ద్రుతం, అంటే ఆ ‘న్’, ఉండబట్టే ‘ప’ కాస్తా ‘బ’ అయి, ముందు అరసున్న వచ్చింది. అంటే పరుగే రాని గుర్రం కాదు, ఎక్కితే పరుగెత్తని గుర్రం. విడిగా వదిలితే ఎలా పరుగెడుతుందో పద్యం చెప్పలేదు.

రాజమండ్రి: గుర్రాలకు తర్ఫీదిచ్చేవాడికి ఈ తేడా చాలా పెద్దదండి. విడిగా దౌడు తీస్తూ, రౌతు ఎక్కగానే మొరాయిస్తే ముందు వీపు చూడాలి. అదీ జీను తీసిన వెంటనే, చెమట ఆరకముందే. వీపంతా తడిసి, మూపు పక్కన అరచెయ్యంత మేర పొడిగా ఉంటే జీను అక్కడ నొక్కేస్తోందన్నమాట. ఆ నొక్కుడు సాగితే పుండవుతుంది, మానాక అక్కడ తెల్లవెంట్రుకలు మొలుస్తాయి. కొనేటప్పుడు మూపు మీద తెల్లమచ్చలు వెతికేది అందుకే.

తర్వాత నోరు. ముందుపళ్ళకీ దవడపళ్ళకీ మధ్య ఖాళీ ఉంటుంది. కళ్ళెం ఇనుము ఆ చిగురు మీదే కూర్చుంటుంది. కాళ్ళపట్టు కుదరని రౌతు వాగెలు (కళ్ళెం పగ్గాలు) పట్టుకు వేలాడతాడు. మడమతో పద అంటాడు, చేత్తో ఆగు అంటాడు. గుర్రం కొన్నాళ్ళు తల ఎగరేస్తుంది, ఆపైన చిగురు మొద్దుబారి ఎంత లాగినా లెక్కచెయ్యదు. కొరడాతో ఇది బాగవదు. మళ్ళీ మొదటికి రావాలి: ఏడెనిమిది మీటర్ల తాడు మీద గుండ్రంగా పావుగంట, ముందు ఖాళీ వీపుతో, కొన్నాళ్ళకి ఖాళీ జీనుతో, ఆ తర్వాతే మనిషితో. రెండువైపులా సమానంగా తిప్పాలి, లేకపోతే ఒక పక్కకే వంగడం అలవాటవుతుంది.

అర్థశాస్త్రంలో స్వారీ గుర్రం గతులు ఐదు: వల్గనం, నీచైర్గతం, లంఘనం, ధోరణం, నారోష్ట్రం. చివరిదానికి అర్థం రౌతు సంజ్ఞకి బదులివ్వడం. మన పద్యంలో గుర్రానికి లోపించింది ఇదే అని నా అభిప్రాయం.

భీమవరం: మరైతే ‘గ్రక్కున విడువంగవలయు’ అన్నాడేంటండీ? బాగుచేసుకోమనొచ్చుగా!

తణుకు: ‘మోహరమున’ని దాటేసి చదివితే అలాగే అనిపిస్తుందండి. బారులు తీరిన సేనల మధ్య కళ్ళెం సరిచేసుకునే తీరికెక్కడ? యుద్ధపు చప్పుడుకి గుర్రాన్ని ముందే అలవాటు చెయ్యాలి. దాణా వేళ దూరంగా డప్పు వాయించి, రోజురోజుకీ కొంచెం దగ్గరికి తేవాలి. మేత మాని చెవులు నిక్కబెడితే ఆ రోజుకి డప్పు వెనక్కే.

అమలాపురం: మరి మన తడినేలలో ఎలాగండీ?

రాజమండ్రి: ఇక్కడ గిట్టే మొదటి అనుమానం. విడిగా ఉన్నప్పుడు బయటపడని కొద్దిపాటి కుంటు మనిషి బరువు పడగానే తెలిసిపోతుంది. ధవళేశ్వరం ఆనకట్ట 1852లో పూర్తయి కాలవలు పారాక ఈ చేలు ఏడాదిలో చాలా కాలం తడే. బురదలో, పేడలో నిలబెడితే గిట్ట అడుగున త్రికోణపు మెత్తటి భాగం పక్క గాళ్ళలో నల్లగా కుళ్ళి కంపు కొడుతుంది. రోజూ కాలెత్తి గాళ్ళు శుభ్రంగా గీకాలి, మెరకన పొడినేల మీద కట్టాలి. లాడం అరగకపోయినా ఆరు నుంచి ఎనిమిది వారాలకోసారి ఊడదీసి, పెరిగిన గిట్ట చెక్కి మళ్ళీ కొట్టాల్సిందే. మేతకి వరిగడ్డి ఒక్కటే సరిపోదు, నానబెట్టి ఉడికించిన ఉలవలు కావాలి. వాటినీ ఒకేసారి కాకుండా రెండు మూడు పూటలుగా వెయ్యాలి, గుర్రం పొట్ట దాని ఒంటికి చాలా చిన్నది.